ఇంటి వైర్‌లెస్ పెట్టె: అమరికల పుటపై ఒక విమర్శ

యంత్రముతో బాటు వచ్చు అమరికల పుటను గ్రంథమువలె విమర్శించుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను నేడు పట్టణములందే కాక పెద్ద గ్రామములందు కూడ అనేక గృహములలో గోడకు తగిలించిన చిన్న పెట్టె ఒకటి కనబడుచున్నది. దానికి రెండో నాలుగో కొమ్ములు, ముందు మినుకు మినుకుమను పచ్చని దీపములు ఉండును. వైఫై రౌటరని దానిని పిలుచుచున్నారు. సెల్‌ఫోనులో గాని కంప్యూటరులో గాని 192.168.1.1 వంటి అంకెల వరుసను టైపు చేసి, పెట్టె అడుగున అతికించిన చీటీపై నున్న సంకేతపదమును ఇచ్చినచో దాని లోపలి పుట తెరచుకొనును. పెట్టె ఎంత గట్టిగా పలుకవలెను, ఏ ఛానలుపై పలుకవలెను, ఎవరిని లోనికి రానీయవలెను అను విషయములన్నియు అచ్చట నిర్ణయింపబడును. ఆ పుటను తెరచిన గృహస్థులు బహు కొద్దిమంది. తెరచినవారిలో ఎక్కువమంది ఎవరో చెప్పిన చిట్కాను బట్టి ఒకటి రెండు అంకెలు మార్చి మూసివేయుదురు.

దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు. పిల్లవాడు పాఠము వినుచుండగా తెరపై బొమ్మ నిలిచిపోవును. తండ్రి కనెక్షను ఇచ్చినవారికి ఫోను చేయును. ఎక్కువ వేగము గల పథకమునకు మారవలసినదని అవతలివారు చెప్పుదురు. నెలనెల అదనముగా చెల్లించినను బొమ్మ మరల నిలిచిపోవును. ఏలయన లోపము వీధిలోని తీగలో లేదు. హాలునకును పడకగదికిని నడుమ గల జాగాలో ఉన్నది. ఆ జాగాలో ఏమి జరుగుచున్నదో తెలియుటకు ఉన్నత పాఠశాలలో నేర్పు భౌతికశాస్త్రము చాలవరకు సరిపోవును. కాని అమరికల పుట ఆ శాస్త్రమును ఒక్క వాక్యములోనైనను గుర్తుచేయదు.

నిజమునకు ఆ పెట్టెలో రెండు యంత్రములు కలిసియున్నవి. వీధి తీగనుండి వచ్చు సమాచారమును ఏది ఏ పరికరమునకు చేరవలెనో చూచి పంచునది రౌటరు. తపాలా బంట్రోతు వంటిది. ఆ సమాచారమును రేడియో తరంగములుగా మార్చి పంపుచు, పరికరములు పంపు తరంగములను అందుకొనునది ఏక్సెస్ పాయింటు. ఇచ్చట విచారణకు వచ్చునది రెండవది. అందువలన మొట్టమొదట చేయవలసిన పని అమరికలను మార్చుట కాదు. ఒక కంప్యూటరును తీగతో పెట్టెకు కలిపి వేగమును కొలుచుట. తీగపై కూడ వేగము లేనిచో రేడియో అమరికలను ఎన్ని మార్చినను ప్రయోజనము శూన్యము. తీగపై వేగము బాగుండి, గదిలో లేనిచో అప్పుడు పుటను తెరువవచ్చును. ఈ రెండు వాక్యములు ఆ పుట మొదట ఉండవలసినవి. సాధారణముగా అవి కానరావు.

పుటకంటె ముందు అట్టపెట్టెను గూర్చి చెప్పవలెను. దానిపై 1200 అని పెద్ద అక్షరములతో అచ్చువేసియుండును. సెకనుకు 1200 మెగాబిట్లు అని కొనువాడు గ్రహించును. ఆ అంకె ఎట్లు వచ్చినది? 2.4 గిగాహెర్ట్జు పట్టీలో గరిష్ఠముగా 300, 5 గిగాహెర్ట్జు పట్టీలో గరిష్ఠముగా 867. రెండును కూడి 1167. దానిని గుండ్రము చేయగా 1200. కాని సాధారణమైన ఫోను ఒక సమయమున ఒక పట్టీనే వాడును. రెండు కిటికీల వెడల్పును కలిపి ఒక ద్వారపు వెడల్పుగా చెప్పినట్లున్నది ఈ లెక్క. పైగా 867 అనునది తరంగములపై బిట్లు ప్రయాణించు వేగము మాత్రమే. ప్రతి పొట్లమునకు ముందు కొంత నిశ్శబ్దము, పొట్లమునకు శీర్షిక, తరువాత ముట్టినదను రసీదు, ఇవన్నియు అదే కాలములోనుండి తీసివేయవలెను. రౌటరు పలుకునప్పుడు ఫోను పలుకరాదు, ఫోను పలుకునప్పుడు రౌటరు పలుకరాదు. ఇంతకును ఆ 867 దక్కుటకు ఫోనులో రెండు ఏరియళ్లు, 80 మెగాహెర్ట్జుల వెడల్పు, పెట్టెకు అతి సమీపమున ఉండుట అవసరము. పేరు గొప్ప, ఊరు దిబ్బ అను సామెత ఈ అంకె విషయమున అతిశయోక్తి కాదు.

ఇక పుటలోనికి పోవుదురు గాక. అచ్చట అందరి చేయియు మొదట పోవునది ప్రసారశక్తి అమరికపైకి. దానిని గరిష్ఠము చేయుమని చిట్కాలు చెప్పువారందరును చెప్పుచున్నారు. ఇది పరీక్షకు నిలువని సలహా. సంభాషణ ఇరువురి మధ్య జరుగవలసినది. రౌటరు 100 మిల్లీవాట్లతో ప్రసారము చేయుచున్నదనుకొనినచో, చిన్న బ్యాటరీతో నడచు ఫోను 30 మిల్లీవాట్లతో బదులు చెప్పుచుండవచ్చును. రౌటరు శక్తిని రెట్టింపు చేసినచో ఫోనుపై సంకేతపు గీతలు నిండుగా కనబడును. ఏలయన ఆ గీతలు ఫోనుకు వినబడుదానిని చూపునవి. ఫోను పంపిన రసీదు రౌటరునకు చేరుచున్నదా లేదా అను సంగతి వానిలో లేదు. దేవాలయపు గోపురముపై మైకు కట్టినంత మాత్రమున ఊరిచివర నున్న ముసలమ్మ మాట పూజారికి వినబడునా?

పైగా శక్తిని రెట్టింపు చేయుటవలన కలుగు లాభము 3 డెసిబెల్లు మాత్రమే. దూరమును సగము చేసినచో, బయలు ప్రదేశములో, విలోమ వర్గ నియమమును బట్టి అందు శక్తి నాలుగు రెట్లగును. అనగా 6 డెసిబెల్ల లాభము. ఇది రౌటరునకే కాక ఫోనుకు కూడ దక్కును. పెట్టెను బల్లపై రెండడుగులు జరుపుట ఒక్కొక్కప్పుడు శక్తి అమరికకంటె మేలు చేయుటకు కారణమిదియే. రెండు మూడు ఏక్సెస్ పాయింట్లు గల పెద్ద ఇండ్లలో గరిష్ఠశక్తి కీడే చేయును. మేడమీదకు పోయిన ఫోను మేడమీది పెట్టెను పట్టుకొనక, క్రింది పెట్టె కేక ఇంకను వినబడుచున్నందున దానినే అంటిపెట్టుకొనియుండును. అట్టి ఇండ్లలో శక్తిని తగ్గించుటయే సరియైన పని.

ఛానలు విషయమున పుట మరింత తికమక పెట్టుచున్నది. 2.4 గిగాహెర్ట్జు పట్టీలో 1 నుండి 13 వరకు అంకెలు వరుసగా చూపబడును. పదమూడు వేరువేరు దారులున్నవని చూచువాడు భ్రమపడును. ఒక ఛానలు కేంద్రమునకును తరువాతిదానికిని గల ఎడము 5 మెగాహెర్ట్జులు మాత్రమే: 1వ ఛానలు 2412 వద్ద, 6వది 2437 వద్ద, 11వది 2462 వద్ద ఉన్నవి. కాని ప్రసారము ఆక్రమించునది సుమారు 20 మెగాహెర్ట్జులు. అందువలన ఒకదానితో నొకటి రాసుకొనకుండ ఇముడునవి 1, 6, 11 అను మూడే. 1, 5, 9, 13 అని నాలుగింటిని ఇమిడ్చుట కొంతవరకు సాధ్యమే. అయితే చుట్టుప్రక్కల ఇండ్లవారందరు ఆ ఏర్పాటును పాటింపవలెను. అందరు 1, 6, 11 వాడుచున్న భవనములో ఒక్కరు 9వ ఛానలును ఎన్నుకొనినచో 6 వారికిని 11 వారికిని ఉభయులకును అడ్డు తగులుదురు.

"1వ ఛానలులో ఆరుగురున్నారు, 6లో ఐదుగురున్నారు, కనుక ఎవరును లేని 3లోనికి పోదము" అను తర్కము చూచుటకు బాగున్నది. ఇది ఎందువలన తప్పో గ్రహించుటకు వైఫై యొక్క మూలనియమము తెలియవలెను. పలుకుటకు ముందు వినుము. ఎవరైన పలుకుచున్నచో ఆగుము. ఇది దాని శిక్షణ. ఈ ఆలోచనకు పూర్వరంగము 1971లో హవాయి విశ్వవిద్యాలయమున పని ప్రారంభించిన అలోహా రేడియో వ్యవస్థ. అందు ఎవరికి తోచినప్పుడు వారు పంపెడివారు. ఢీకొన్నచో మరల పంపెడివారు. వినకుండ పలుకు అట్టి పద్ధతిలో కాలములో సుమారు 18 వంతులే, అనగా నూటికి 18, సఫలమగునని గణితము చూపినది. వినుట నేర్చిన తరువాత ఆ వ్యర్థము చాలవరకు తగ్గినది. ఒకే ఛానలులో నున్న ఆరుగురు ఒకే చెరువు క్రింది రైతులవలె నీటి వంతులు పాటింపగలరు. ఒకరి మాట నొకరు స్పష్టముగా వినగలరు గనుక. 3వ ఛానలులోనివాని ప్రసారము 1లోని వారికి అర్థము కాని రొదగా వినబడును. అది మాట కాదు గనుక అది ఎంతసేపుండునో, ఎప్పుడు ముగియునో వారికి తెలియదు. అది కొంచెము బలహీనమైనదైనచో దానికొరకు ఆగరు కూడ. ఇరువురును ఒకేసారి పలికి, ఇరువురి పొట్లములును చెడును. వంతులో చేరక గట్టు తెగగొట్టినవాడు తనకును నీరు మిగుల్చుకొనడు.

ఛానలు వెడల్పు అమరిక దీనికి తోబుట్టువు. 20కి బదులు 40 మెగాహెర్ట్జులు ఎన్నుకొనినచో వేగము రెట్టింపగునని పుట సూచించును. పొలము మధ్య ఒంటరిగా నున్న ఇంటిలో అది నిజము కావచ్చును. కాని 2.4 గిగాహెర్ట్జు పట్టీ మొత్తము వెడల్పే 83.5 మెగాహెర్ట్జులు. అందు ఒక ఇల్లు 40 తీసికొనుట మూడు వంతులలో రెండు వంతులను కాజేయుటయే. అంతేకాక అదే శక్తి రెండింతల వెడల్పునకు పరచుకొనుటచే ఒక్కొక్క మెగాహెర్ట్జునకు సగమే దక్కును. దూరపు గదిలోని ఫోనుకు ఇది ఉపకారము కాదు, అపకారము. పొరుగువారి ప్రసారము వినబడినచో 20కి తగ్గవలెనని ప్రమాణములో నియమమున్నది. కొన్ని పెట్టెలలో ఆ నియమమును అణచివేయుటకు కూడ ఒక మీట అమర్చియుండుట గమనింపదగినది. ఇట్టి మీటను గృహస్థుని చేతికి ఇచ్చి, దాని ప్రక్కన ఒక హెచ్చరికయైనను వ్రాయకపోవుట నిర్మాతల బాధ్యతారాహిత్యమే.

వీని అన్నింటికంటె ముఖ్యమైనది, చిట్కాలలో అరుదుగా వినబడునది, మరొకటి కలదు. ప్రతి ఏక్సెస్ పాయింటు తానున్నానని, తన పేరు ఇదియని నిరంతరము దండోరా వేయుచుండును. బీకను అని దీనికి పేరు. సాధారణముగా 102.4 మిల్లీసెకనులకు ఒకసారి, అనగా సెకనుకు దాదాపు పది మారులు, పని ఉన్నను లేకున్నను, ఇంటివారు నిద్రించుచున్నను ఈ దండోరా సాగును. ఎంత పాత పరికరమునకైనను అర్థము కావలెనను ఉద్దేశముతో దీనిని అన్నింటికంటె మెల్లని వేగముతో పలుకుదురు. 1999 నాటి బి-ప్రమాణపు పరికరములకు చోటిచ్చు అమరిక ఉన్నంతవరకు ఆ వేగము సెకనుకు 1 మెగాబిట్టు.

ఒక బీకను పొడవు 300 బైట్లనుకొనినచో అందు 2400 బిట్లుండును. సెకనుకు 1 మెగాబిట్టు చొప్పున 2.4 మిల్లీసెకనులు పట్టును. ముందుండు పీఠిక 0.192 మిల్లీసెకనులు, మొత్తము దాదాపు 2.6. అనగా 102.4 మిల్లీసెకనులలో నూటికి రెండున్నర వంతులు దండోరాకే పోయినవి. ఒక పెట్టెకు ఇది లెక్కలోనిది కాదు. కాని హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక అపార్టుమెంటులో ఒకే ఛానలుపై పన్నెండు పెట్టెలు ఒకదాని కొకటి వినబడుచున్నవనుకొందురు గాక. ప్రతి పెట్టెలోను అతిథుల కొరకని రెండవ పేరు కూడ తెరచియున్నచో ప్రతి పేరునకును వేరు దండోరా. ఇరువదినాలుగు దండోరాలకు 62 మిల్లీసెకనులు కావలెను. నూటికి అరువది వంతుల కాలము, ఒక్క అక్షరము పాఠమైనను రాకముందే, పేర్లు చాటుకొనుటకే వ్యయమైనది!

పుటలో "బి/జి/ఎన్ మిశ్రమము" అని యుండు చోట బి-ని తొలగించి, జి/ఎన్ అని గాని ఎన్ మాత్రమని గాని ఎన్నుకొనినచో బీకను వేగము సాధారణముగా సెకనుకు 6 మెగాబిట్లగును. అప్పుడు ఒక్కొక్క దండోరాకు 0.42 మిల్లీసెకను చాలును, ఇరువదినాలుగింటికి పది. అరువది వంతులు పదికి దిగినవి. వాడని అతిథి పేరును మూసివేసినచో ఇంకను సగము. ఈ మార్పునకు పైసా ఖర్చు లేదు. చాలా పాత పరికరమేదైన ఇంటిలో ఉన్నచో అది మాత్రము కలియక మానును. 2003 తరువాతి జి-ప్రమాణము ఎరిగిన వేనికిని ఇబ్బంది లేదు. అయితే పన్నెండు ఇండ్లలో ఒక్క ఇల్లు మార్చినచో లాభము పన్నెండవ వంతే. ఇంటి వేగము పొరుగింటి అమరికపై ఆధారపడియున్నదను సత్యము ఇచ్చట తేటపడుచున్నది. అపార్టుమెంటు సంఘము నీటిపంపు వేళలను గూర్చి, లిఫ్టు మరమ్మతును గూర్చి సమావేశమగుచున్నది. ఛానళ్లను గూర్చి సమావేశమైన సంఘములు ఎన్ని?

మెల్లగా పలుకువాడు అందరిని ఆలస్యము చేయుట ఇంటి లోపల కూడ జరుగును. 2003లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగర పరిశోధకులు నలుగురు దీనిని చక్కగా చూపినారు. పొట్లములో 12,000 బిట్లున్నవనుకొనినచో సెకనుకు 11 మెగాబిట్ల పరికరము దానిని 1.1 మిల్లీసెకనులలో పంపును. దూరముగా నుండి 1 మెగాబిట్టునకు దిగిన పరికరము 12 మిల్లీసెకనులు తీసికొనును. నియమము వంతులను సమముగా పంచును గాని కాలమును సమముగా పంచదు. ఒకదాని తరువాత ఒకటి పంపగా రెండు పొట్లములకు 13.1 మిల్లీసెకనులు. కనుక వేగముగా పలుకగల పరికరమునకు కూడ సెకనుకు 0.92 మెగాబిట్టే దక్కినది! పదకొండు ఉన్నవాడు ఒకటికంటె క్రిందికి దిగినాడు. కొత్త పెట్టెలు కొన్నిటిలో కాలమును సమముగా పంచు ఏర్పాటు చేర్చబడినది. అది లేనిచోట పెరటిగదిలోని పాత ఫోను ఒకటి హాలులోని పాఠమును ఆపగలదు. పాత ఫోనును పారవేయనక్కరలేదు. దగ్గరకు తెచ్చిన చాలును.

5 గిగాహెర్ట్జు పట్టీని వాడుమను సలహా మాత్రము నిజముగా మంచిది. మన దేశమున 2018లో వెలువడిన నియమములచే ఆ పట్టీలో మొత్తము 605 మెగాహెర్ట్జుల వెడల్పు లైసెన్సు లేకుండ వాడుటకు వీలైనది, 2.4 పట్టీకంటె ఏడు రెట్లు అధికము. బి-ప్రమాణపు మెల్లని దండోరా అచ్చట లేనేలేదు. దీని తరంగదైర్ఘ్యము దాదాపు ఐదారు సెంటీమీటర్లు, 2.4 తరంగముల దైర్ఘ్యము పన్నెండు. (1890లలో కలకత్తాలో జగదీశచంద్ర బోసు వాడిన తరంగములు వీనికంటె కూడ పొట్టివి, కొన్ని మిల్లీమీటర్లవి.) ఒకే విధమైన ఏరియళ్లతో, ఒకే దూరమున 5 పట్టీ సంకేతము ఆరేడు డెసిబెల్లు తక్కువగా అందును, ఇటుక, కాంక్రీటు గోడలు దానిని మరింత అణచును. దీనిని లోపముగా చెప్పుట పరిపాటి. అపార్టుమెంటులో అది సుగుణమే. గోడ దాటి పోనిది పొరుగువానికి అడ్డు తగులదు, పొరుగువానిది ఇటు రాదు. కొన్ని ఛానళ్లను వాతావరణ రాడారులు మొదలగునవి కూడ వాడును గనుక, అట్టి ఛానలుపై పలుకుటకు ముందు పెట్టె కనీసము 60 సెకనులు వినవలెనని అనేక దేశముల నియమము. అమరిక మార్చిన వెంటనే పేరు కనబడలేదని పెట్టెను ఆపి మరల వెలిగించువారు ఆ నిమిషమును మొదటినుండి లెక్కింపజేయుచున్నారు.

భద్రత అమరికలకును వేగమునకును సంబంధము లేదని తలచుట పొరపాటు. డబ్ల్యు.ఈ.పి. అను మొదటి తాళము 2001లోనే పగిలినది. దానికి తాత్కాలికముగా వేసిన అతుకు టి.కె.ఐ.పి. ఎన్-ప్రమాణపు అధిక వేగములను ఈ రెండు తాళములతో కలిపి వాడరాదని నిషేధమున్నది. కావున పుటలో టి.కె.ఐ.పి. ఎన్నుకొనబడియున్నచో మూడు వందల మెగాబిట్ల పెట్టె చప్పుడు చేయక 54కు దిగిపోవును. ఎందుకు దిగినదో పుట చెప్పదు. ఏ.ఇ.ఎస్. తో కూడిన డబ్ల్యు.పి.ఏ.-2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఏ.-3 గాని ఎన్నుకొనవలెను.

పేరును దాచివేయుట దొంగలకు అడ్డమను నమ్మకము ఇంకను ప్రబలముగా నున్నది. పేరు దాచినచో బీకను ఆగదు. అందు పేరుండు చోటు మాత్రము ఖాళీగా నుండును. పైగా ఇంటివారి ఫోను, పేరు వినబడదు గనుక, పోయిన చోటెల్ల "ఫలానా పేరు గలవారున్నారా?" అని తానే కేక వేయుచు తిరుగును. తలుపు మీది పేరుపలకను తీసివేసి, ఇంటివారి మెడలో వ్రేలాడదీసినట్లైనది. మీట నొక్కి కలుపు పద్ధతిలోని ఎనిమిదంకెల సంఖ్య ఇంతకంటె బోధప్రదము. ఎనిమిదవ అంకె మొదటి ఏడింటి నుండి లెక్క కట్టబడునది. కనుక ఊహింపవలసినవి ఒక కోటి. కాని పెట్టె ఆ సంఖ్యను రెండు ముక్కలుగా పరీక్షించి మొదటి ముక్క తప్పా ఒప్పా వేరుగా చెప్పును. అప్పుడు 10,000కు 1,000 కలిపి 11,000 ప్రయత్నములే చాలును. 2011లో ఈ లోపము బయటపడినది. గుణకారము జరుగవలసిన చోట కూడిక జరిగినది. గణితోపాధ్యాయులు తరగతిలో చెప్పుకొనదగిన ఉదాహరణము. ఆ సంఖ్యాపద్ధతిని ఆపివేయుటయే మంచిది.

అమరికల పుటలో లేని అమరిక ఒకటి కలదు. అది పెట్టె ఉండు చోటు. తీగ తెచ్చినవాడు తనకు సులువైన మూలలో, తలుపు వెనుకనో టి.వి. వెనుకనో దానిని బిగించి పోవును. ఉక్కు బీరువా తరంగములకు గోడకంటె గట్టి అడ్డు. నిలువుగా నిలిపిన కొమ్ము తన చుట్టును బాగుగా ప్రసారము చేయును గాని, తన కొన వైపు, అనగా నిట్టనిలువుగా పైకి, స్వల్పముగానే చేయును. సరిగా పైగదిలో సంకేతము లేనిచో ఒక కొమ్మును అడ్డముగా వంచి చూడవచ్చును. వంటింటిలోని మైక్రోవేవు పొయ్యి కూడ 2.45 గిగాహెర్ట్జు వద్దనే పనిచేయును. అది సాధారణముగా కరెంటు ఆవృత్తిలో సగభాగమందే తరంగములను పుట్టించును గనుక మన 50 ఆవృత్తుల కరెంటుపై పది మిల్లీసెకనులు రొద, పది మిల్లీసెకనులు నిశ్శబ్దము. పాలు కాగునంతసేపు మాత్రమే ఇంటర్నెట్టు నత్తనడక నడచినచో కారణమును వెదుకుటకు దూరము పోనక్కరలేదు.

"ఆటో" అను అమరికను గూర్చి పుట గొప్పగా చెప్పుకొనును. అనేక పెట్టెలలో అది వెలిగిన క్షణమున మాత్రమే చుట్టును విని ఛానలును ఎన్నుకొని, పిమ్మట చెవులు మూసికొనును. కరెంటు పోయి వచ్చినప్పుడు భవనములోని పెట్టెలన్నియు ఒకేసారి మేల్కొని, ఒకేసారి వినుటవలన, ఖాళీగా నున్నదని అన్నియు ఒకే ఛానలును పట్టుకొనుటకు అవకాశమున్నది. అదియు గాక అది వినునది తానున్న మూలనుండి; ఫోనున్న గదినుండి కాదు. ఫోనులో సంకేతబలమును డెసిబెల్లలో చూపు ఉచిత సాధనముతో గదిగదిలోను కొలిచి, 1, 6, 11లలో ఒకదానిని చేతితో నిర్ణయించుట ఆటోకంటె చాలచోట్ల మేలు.

ఆ సాధనము పాఠశాలకును పనికివచ్చును. రౌటరు కూడ అక్కరలేదు. ఒక ఫోనును హాట్‌స్పాటుగా చేసి ఆటస్థలము నడుమ స్టూలుపై నుంచి, రెండవ ఫోనుతో 1, 2, 4, 8 మీటర్ల దూరములలో కొలువవచ్చును. అంకెలు ఋణసంఖ్యలుగా కనబడును. -65 అనగా ఒక మిల్లీవాటులో కోటికి మూడు వంతులు. దూరము రెట్టింపైన ప్రతిసారి 6 తగ్గవలెను, మొత్తము మీద 18. ఒక్కొక్క చోట పది కొలతలు తీసి సగటు చూడనిచో అంకెలు కుదురుగా నిలువవు. నేలనుండి పరావర్తనము చెందిన తరంగము కొన్నిచోట్ల తోడగును, కొన్నిచోట్ల విరుగును. తరువాత కొలుచు విద్యార్థి ఫోనును గుండెకు ఆనించుకొని, స్టూలునకు వీపు త్రిప్పి నిలిచి మరల చదువవలెను. మానవశరీరములో నున్న నీరు ఎన్ని డెసిబెల్లు మ్రింగినదో తెలియును. అదే ప్రయోగమును వరండాలో చేసినచో తగ్గుదల ఆరుకంటె తక్కువగా వచ్చుట కలదు. రెండు ప్రక్కల గోడలు తరంగములను చెదరనీయక కాలువలో నీటివలె నడిపించును గనుక.